పెదనాన్నగారి డబ్బాలోని అమెరికా వెండి నాణేలు: ఏవి వెండి ధరకు, ఏవి అంతకు మించి

1960ల చివర్లో షికాగో వెళ్లి డాక్టరుగా స్థిరపడిన మీ పెదనాన్నగారు దాచిన బిస్కెట్ల డబ్బాను పెద్దమ్మగారు మీ చేతిలో పెట్టారు. అందులో పెద్ద డాలర్లు ఆరు ఉన్నాయి: 1881, 1889, 1921, 1922 సంవత్సరాలవి నాలుగు, కొక్కెం అతికించిన 1896 నాణెం ఒకటి, 1872 అని ఉన్న ‘ట్రేడ్ డాలరు’ ఒకటి. అవి కాక అర డాలర్లు, క్వార్టర్లు (25 సెంట్లవి), డైములు (10 సెంట్లవి) గుప్పెళ్లకొద్దీ, కొన్ని నికెల్స్ (5 సెంట్లవి). తాకట్టు దుకాణంవాళ్లు డబ్బా మొత్తానికి కలిపి ఒక అంకె చెప్పారు. ఇచ్చేయమంటారా, విభూతితో తోమి తళతళలాడిస్తే ఇంకాస్త పలుకుతుందా, గుంటూరులో నానమ్మగారి పూజగదిలో ఉన్న రెండు డాలర్లను కూడా తెప్పించమంటారా అని అడిగారు.

దేన్నీ తోమకండి. మిగతాదంతా నిదానంగా చదివినా పరవాలేదు, ఇది మాత్రం ఇప్పుడే గుర్తుపెట్టుకోండి. విభూతి, పళ్లపొడి, టూత్‌పేస్టు, వంటసోడా, వెండి సామాన్లకు వాడే ద్రావకం, మెత్తటి గుడ్డ... ఏదీ వద్దు. మనిళ్లలో వెండి కుంచాన్నీ కుంకుమ భరిణెనూ పండగకు తోమి పెట్టడం అలవాటు కాబట్టి చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. కానీ నాణెం మెరుపు వేరు. అచ్చు దెబ్బ పడినప్పుడు వెండి మధ్య నుంచి అంచు వైపు పారి, కంటికి కనిపించనంత సన్నటి గీతలు ఏర్పడతాయి. అరగని నాణేన్ని దీపం కింద మెల్లగా వంచితే ఆ గీతల మీద వెలుగు చక్రంలా తిరుగుతుంది. పొడి వేసి ఒక్కసారి రుద్దితే ఆ గీతలు పోతాయి, మళ్లీ రావు. నాణెం తెల్లగానే ఉంటుంది, కానీ వెలుగు తిరగదు. కొనేవాడు రెండు క్షణాల్లో పసిగడతాడు. నల్లబడిందని మీరు బాధపడుతున్న ఆ పొరను సేకర్తలు ఇష్టపడతారు. నాణెం జోలికి ఎవరూ పోలేదనడానికి అదే సాక్ష్యం.

ఇక వేరుచేయడం. ముందు సంవత్సరం చూడండి. డైము, క్వార్టరు, అర డాలరు మీద 1964 గానీ అంతకు ముందరి సంవత్సరం గానీ ఉంటే (మీ దగ్గరున్న ఇరవయ్యో శతాబ్దపు నాణేలన్నిటికీ ఇది వర్తిస్తుంది) అందులో 90 శాతం వెండి, 10 శాతం రాగి. 1965లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన నాణేల చట్టంతో డైముల్లోంచి, క్వార్టర్లలోంచి వెండి తీసేశారు. మీ పెదనాన్నగారు అక్కడికి వెళ్లేనాటికి జనం వెండి నాణేలను చిల్లరలోంచి ఏరి దాచుకుంటున్నారు. ఆయన కూడా అలాగే ఏరి ఉంటారు. అంచు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది: వెండిదైతే అంచంతా ఒకే తెలుపు, తర్వాతిదైతే మధ్యలో రాగి గీత.

కెనడీ అర డాలరు దగ్గర చాలామంది తడబడతారు. 1964ది 90 శాతం వెండి, బరువు 12.5 గ్రాములు. 1965 నుంచి 1970 దాకా వచ్చినవి 40 శాతమే, 11.5 గ్రాములు. 1971 నుంచి చిల్లరలోకి వచ్చినవాటిలో వెండే లేదు. అలాగే ఐసెన్‌హోవర్ బొమ్మ ఉన్న పెద్ద డాలరు (1971–78) ఎంత భారీగా కనిపించినా సాధారణంగా వెండి కాదు. సేకర్తల కోసం శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టినవాటిలో కొన్ని 40 శాతం వెండివి ఉన్నాయి. వాటి బరువు 24.59 గ్రాములు, మామూలువాటిది 22.68. త్రాసు మీద పెడితే తేలిపోతుంది.

నికెల్స్‌లో ఒక్క రకమే వెండిది. యుద్ధానికి నికెల్ లోహం అవసరమై 1942 అక్టోబరు నుంచి 1945 దాకా దాని బదులు 35 శాతం వెండి కలిపారు. బొరుసు వైపు జెఫర్సన్ ఇంటి గుమ్మటం పైన పెద్ద అక్షరం (కొట్టిన టంకశాలను బట్టి పి, డి, ఎస్‌లలో ఒకటి) కనిపిస్తే అది ఆ నికెలే. ఫిలడెల్ఫియా టంకశాల ‘పి’ అని వేసుకోవడం అప్పుడే మొదలు.

రెండో పని బరువు. 0.01 గ్రాము చూపే చిన్న త్రాసు కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. డైము 2.5 గ్రాములు, క్వార్టరు 6.25, అర డాలరు 12.5, వెండి డాలరు 26.73 గ్రాములు, వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. బాగా అరిగినదైతే కాస్త తగ్గుతుంది, అది సహజం. ఈ అంకెల్లోనే లెక్క సులువు కూడా ఉంది: డైములు పదైనా, క్వార్టర్లు నాలుగైనా, అర డాలర్లు రెండైనా, ఒక డాలరు ముఖవిలువకు 25 గ్రాములు, అందులో అసలు వెండి 22.5 గ్రాములు. ఔన్సుల్లో (వెండి తూకానికి వాడే ట్రాయ్ ఔన్సు, 31.1 గ్రాములు) 0.7234. అరుగుదల తీసేసి వ్యాపారులు 0.715గా లెక్కేస్తారు. వెండి డాలరులో మాత్రం 0.7734 ఔన్సు, అంటే 24.06 గ్రాములు. లెక్క సులువు కోసం ఔన్సు 30 డాలర్లు అనుకుందాం. అప్పుడు నాలుగు క్వార్టర్లకు సుమారు 21.45, ఒక వెండి డాలరుకు 23.20 డాలర్లు. 30 బదులు అమ్మేరోజు ధర వేసుకోండి. మన విక్టోరియా రూపాయితో పోల్చి చూడాలనుంటే, అది 11.66 గ్రాములు, 91.7 శాతం వెండి.

ఈ లెక్క వేశాక తాకట్టు దుకాణం చెప్పిన అంకెను పక్కన పెట్టి చూడండి. వెండి ధరలో సగం కూడా లేకపోతే ఆశ్చర్యపోకండి. డబ్బా మొత్తానికి ఒకే అంకె చెప్పినవాళ్లు ఏ నాణేన్నీ విడిగా చూడలేదనే అర్థం.

ఇప్పుడు ఆరు డాలర్ల సంగతి. వీటి దగ్గర కాసేపు ఆగాలి.

1872 ట్రేడ్ డాలరు నకిలీ. ఇందులో అనుమానమేమీ లేదు. ట్రేడ్ డాలరును చైనా వ్యాపారం కోసం 1873లో మొదలుపెట్టారు, అంతకు ముందరి సంవత్సరంతో అది చలామణిలోకి రానే లేదు. బొరుసు మీద ‘420 గ్రెయిన్స్’ అని రాసి ఉంటుంది, అంటే 27.22 గ్రాములు. మీరు తూచి చెప్పినది 22 గ్రాములు. దానిమీద రాసిన బరువే దానికి లేదన్నమాట. అమెరికా నాణేల నకళ్లలో ట్రేడ్ డాలర్లు విపరీతంగా తిరుగుతున్నాయి, ఎక్కువగా చైనాలో తయారైనవి. సంవత్సరం సరిగ్గానే ఉన్న ట్రేడ్ డాలరు దొరికినా మొదట అనుమానించడమే మంచిది.

నకిలీని పట్టడానికి అయస్కాంతం ఒక్కటే చాలదు. దానికి అతుక్కుంటే ఇనుము ఉందని తేలుతుంది, అతుక్కోనంత మాత్రాన వెండి అని కాదు. ఇత్తడి కూడా అతుక్కోదు. నాకు నచ్చిన పరీక్షలు రెండు. ఒకటి, నాణేన్ని బొమ్మ నిటారుగా ఉండేలా పట్టుకుని పక్కకు తిప్పండి. మన రూపాయిని అలా తిప్పితే బొరుసు కూడా నిటారుగా కనిపిస్తుంది. అమెరికా నాణెం బొరుసు తలకిందులుగా కనిపించాలి. ఈ చిన్న విషయం మరిచిపోయి అచ్చు వేసిన నకళ్లు చాలా ఉన్నాయి. రెండోది నీళ్ల పరీక్ష. గ్లాసులో నీళ్లు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో కట్టి, అడుగుకు గానీ గోడలకు గానీ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. 26.73 గ్రాముల అసలు డాలరైతే త్రాసు సుమారు 2.6 చూపిస్తుంది, ఎందుకంటే ఈ మిశ్రమం సాంద్రత 10.3 చిల్లర. ఇత్తడి అయితే అదే బరువుకు 3 దాటుతుంది. తర్వాత రుద్దకుండా మెత్తటి కాగితంతో అద్దండి. కంసాలి దగ్గరికి తీసుకెళ్లి గీటురాయి మీద మాత్రం గీయించొద్దు.

కొక్కెం అతికించిన 1896కి ఇక వెండి ధరే. టాంకా వేసిన నాణేన్ని సేకర్తలు తీసుకోరు, కొక్కెం ఊడదీయించినా మచ్చ పోదు. పెద్దమ్మగారు మెళ్లో వేసుకున్నదైతే అమ్మకండి, ఆ కాస్త వెండి ధర కోసం అది ఇల్లు దాటాల్సిన పనిలేదు.

1922 నాణెం మీద కిరణాల కిరీటం ఉన్న స్త్రీ, వెనక శిల మీద వాలిన గద్ద. అది పీస్ డాలరు, మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక వచ్చిన శాంతికి గుర్తుగా ఆంథొనీ డి ఫ్రాన్సిషీ గీసిన బొమ్మ. 1922లో ఫిలడెల్ఫియాలోనే 5 కోట్ల 17 లక్షలకు పైగా కొట్టారు. అరిగినదైతే వెండి ధరకు కొద్దిగా పైన పలుకుతుంది, అంతే. అదే రకంలో 1921ది గానీ, టంకశాల అక్షరం లేని (ఫిలడెల్ఫియా) 1928ది గానీ ఉంటే సంగతి వేరుగా ఉండేది. 1928లో ఫిలడెల్ఫియాలో కొట్టినవి 3,60,649 మాత్రమే.

మీ 1921 నాణెం మీద కిరణాలు లేవు, తలపాగాలాంటి టోపీ ఉంది అన్నారు, కాబట్టి అది మోర్గన్ డాలరు. జార్జ్ మోర్గన్ గీసినది. 1878 నుంచి 1904 దాకా వచ్చి, మళ్లీ 1921లో కనిపించింది. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో 4 కోట్ల 46 లక్షలకు పైగా కొట్టారు. ఇదీ సాధారణమైనదే.

ఒకసారి ఆగిపోయిన నాణేన్ని 1921లో మళ్లీ ఎందుకు కొట్టారో తెలుసుకుంటే, ఈ డాలర్ల ధరల్లో సగం రహస్యం విడిపోతుంది. ఆ కథ మన దేశం దాకా వస్తుంది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో ఇండియాలో జనం కాగితం నోట్లు ఇచ్చేసి వెండి రూపాయిలు కావాలని ఎగబడ్డారు. ప్రభుత్వం దగ్గర వెండి అడుగంటింది. బ్రిటన్ అమెరికాను అడిగింది. 1918 ఏప్రిల్‌లో నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరుమీద చట్టం వచ్చింది. ఖజానాలో మూలుగుతున్న వెండి డాలర్లలో 27,02,32,722 కరిగించారు. అందులో దాదాపు 26 కోట్ల డాలర్ల వెండి బ్రిటన్‌కు అమ్మారు, ఇండియా కోసం. అది మన టంకశాలలకు చేరి జార్జి రూపాయిలైంది. అమ్మిన వెండికి బదులు మళ్లీ కొని డాలర్లు కొట్టాలని చట్టంలోనే ఉంది, అందుకే 1921లో అన్ని కోట్ల మోర్గన్లు, ఆ వెంటనే పీస్ డాలర్లు.

కరిగించినవి ఏ సంవత్సరానివో, ఏ టంకశాలవో ఎవరూ రాసిపెట్టలేదు. అందువల్ల మోర్గన్ డాలర్ల విషయంలో ఎన్ని కొట్టారన్న లెక్క ఒక్కటే చూసి ధర అంచనా వేయలేం, ఎన్ని మిగిలాయన్నదే అసలు ప్రశ్న. దీనికి తోడు మిగిలినవి సంచులకొద్దీ ఖజానాలో పడి ఉండి, 1960ల్లో ఒక్కసారిగా బయటికొచ్చాయి. 1903లో న్యూ ఆర్లియన్స్‌లో కొట్టిన డాలరు అప్పటిదాకా మహా అరుదు. 1962 చివర్లో ఖజానా నుంచి దాని సంచులు బయటపడగానే ధర కుప్పకూలింది. పాతదైతే చాలు ఖరీదైనదే అనుకునేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ ఉదాహరణే చెబుతాను.

మీ 1881 డాలరు కూడా ఇలాంటిదే. వయసు నూట నలభై దాటినా, బొరుసు కింద ‘ఎస్’ అక్షరం ఉంటే అది శాన్‌ఫ్రాన్సిస్కోలో కోటీ 27 లక్షలు కొట్టిన నాణెం. అచ్చు అద్భుతంగా పడిన సంవత్సరం అది. అరగనివి ఇప్పటికీ చాలా దొరుకుతాయి. అరిగినదైతే వెండి ధరకు దగ్గర్లో ఉంటుంది. చెవి పైనున్న జుట్టు పాయలు, గద్ద రొమ్ము మీది ఈకలు చూడండి. మోర్గన్ మొదట అరిగేది అక్కడే. ఆ ఈకలు విడివిడిగా ఉండి, వెలుగు చక్రంలా తిరిగితే ధర పెరుగుతుంది.

ఇక 1889. ఈ డబ్బాలో నన్ను కూర్చోనివ్వనిది ఇదే. బొరుసు కింద ఏదో అక్షరం ఉన్నట్టుంది, మురికి పట్టి తెలియడం లేదు అన్నారు. గద్ద కింద దండ ముడి ఉంటుంది, దాని కిందే, ‘డాలర్’ అన్న మాటలో డి, ఓ అక్షరాల పైన చూడాలి. ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియాది, రెండు కోట్లకు పైగా కొట్టారు, సాధారణం. ‘ఓ’ ఉంటే న్యూ ఆర్లియన్స్, అదీ పెద్ద అరుదేమీ కాదు. ‘ఎస్’ అయితే ఏడు లక్షలే, కాస్త మంచి ధర. పక్కపక్కనే రెండు చిన్న ‘సీ’లు ఉంటే మాత్రం అది నెవాడా రాష్ట్రంలోని కార్సన్ సిటీ టంకశాల, కొట్టినవి 3,50,000. బాగా అరిగినదైనా వెండి ధరకు ఎన్నో రెట్లు, అరగనిదైతే వేలల్లో ఉంటుంది.

ఆ కారణంగానే దాన్ని మోసానికి ఎక్కువగా వాడుకుంటారు. మామూలు ఫిలడెల్ఫియా నాణెం తీసుకుని రెండు ‘సీ’లు అతికిస్తారు. అక్కడ నాణెం అసలుదే, బరువూ వెండీ సరిగ్గానే ఉంటాయి, నీళ్ల పరీక్షా నెగ్గుతుంది. పదిరెట్లు చూపే భూతద్దంతో అక్షరం మొదలును చూడాలి. అసలుదైతే అక్షరం నేలలోంచి పైకి లేచినట్టు ఉంటుంది. అతికించినదైతే చుట్టూ సన్నటి నల్లగీత, లేదా గీకి చదును చేసిన జాడ. 1893 శాన్‌ఫ్రాన్సిస్కో డాలరుది కూడా ఇదే తంతు. మోర్గన్లలో లక్ష మాత్రమే కొట్టిన నాణెం అది, చిత్తుగా అరిగినా వేల డాలర్లు. బొమ్మ వైపుకు ఒకే అచ్చు వాడారు గనుక, ‘లిబర్టీ’ అన్న మాటలో ‘టీ’ అక్షరం తల మీద ఏటవాలుగా ఒక చిన్న గీత ఉంటుంది. అది కనిపించకపోతే చాలామంది చెయ్యి కూడా చాపరు.

మురికి పట్టిందని ఆ అక్షరం దగ్గర పుల్లతో గోకకండి. దీపాన్ని పక్కనుంచి, బాగా వాలుగా పడేలా పెట్టి చూడండి. నీడల్లో అక్షరం ఆకారం తెలుస్తుంది.

చిన్న నాణేల గురించి ఎక్కువ చెప్పను, నూటికి తొంభైకి పైగా వెండి ధరకే పోతాయి. విడిగా తీసి పెట్టాల్సినవి కొన్నే. రెక్కల టోపీ ఉన్న డైముల్లో 1916 నాటి డెన్వర్ నాణెం: 2,64,000 కొట్టారు, అరిగి నునుపెక్కినా వందల డాలర్లు. దాని ‘డి’ బొరుసు వైపు కట్టెల మోపుకు ఎడమన, కింద ఉంటుంది, దీనికీ అతికించిన అక్షరాల బెడద ఉంది. 1921 డైములు, 1942 సంవత్సరంలో 2 వెనక 1 కనిపించే డైము కూడా తీసి పెట్టండి. వాషింగ్టన్ క్వార్టర్లలో మొదటి ఏడాది 1932: డెన్వర్‌వి 4,36,800, శాన్‌ఫ్రాన్సిస్కోవి 4,08,000. అక్షరం గద్ద కింద ఉంటుంది. నడుస్తున్న స్త్రీ ఉన్న అర డాలర్లలో 1921, 1938 డెన్వర్. 1916కు ముందరి డైము, క్వార్టరు, అర డాలరు ఏది కనబడినా (1892 నుంచి వచ్చినవాటి మీద దండ పెట్టుకున్న తల బొమ్మ ఉంటుంది) కలపకుండా పక్కన పెట్టండి.

పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే సంస్థలు నాణెం అసలుదో కాదో తేల్చి, 1 నుంచి 70 దాకా అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి ఇస్తాయి. ఒక్కో నాణేనికి తపాలా, బీమాతో కలిపి పదుల డాలర్లు అవుతుంది గనుక 1922 డాలరును పంపడం డబ్బు దండగ. 1889 మీద రెండు ‘సీ’లు తేలితే మాత్రం పంపకుండా అమ్మొద్దు. ఆ పెట్టెలకు కూడా నకళ్లు వస్తున్నాయి కాబట్టి, ఎప్పుడైనా మీరు కొనాల్సి వస్తే దానిమీది సంఖ్యను ఆ సంస్థ సైటులో వేసి ఫొటోతో సరిపోల్చుకోండి.

ధర తెలుసుకోవడానికి అమ్మకానికి పెట్టిన ధరలు చూడకండి, ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. ఈబేలో అమ్ముడైపోయినవాటి ధరలు, హెరిటేజ్ అనే సంస్థ నాణేల వేలంపాటల పాత ఫలితాలు చూడండి. అదే సంవత్సరం, అదే అక్షరం, అదే అరుగుదల ఉన్నవాటితోనే పోల్చాలి. సాధారణ వెండిని నాణేల దుకాణాలు రెండు మూడింటికి ఫోన్ చేసి, ‘90 శాతం వెండి, ముఖవిలువకు ఎన్ని రెట్లు ఇస్తారు?’ అని అడగండి. అలా అడిగేసరికి మీకు లెక్క తెలుసని వాళ్లకు అర్థమవుతుంది, మాట మర్యాదగా ఉంటుంది. అమ్మేదాకా గట్టి ప్లాస్టిక్ గుళికల్లో ఉంచండి. మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ కవర్లు కొన్నేళ్లకు నాణెం మీద పచ్చటి జిగురు దింపుతాయి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి.

గుంటూరులో ఉన్న రెండింటినీ తెప్పించే ఆలోచన ఆపండి. వందేళ్లు దాటిన నాణేన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం పురావస్తువుగా లెక్కగడుతుంది. అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. ఎవరో వస్తున్నారని సంచీలో వేసి పంపించేయకండి. అక్కడే ఉంచి, పాలూ పసుపూ కుంకుమా తగలకుండా చిన్న గుళికలో పెట్టి పూజలో ఉంచమని నానమ్మగారికి చెప్పండి, ఆవిడకూ అభ్యంతరం ఉండకపోవచ్చు. పాత నాణేలకు లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ రుసుము కట్టమని ఎవరైనా ఇంటికి ఫోన్ చేస్తే పైసా కట్టొద్దని కూడా ఇంట్లో చెప్పి ఉంచండి. తన పేరు వాడుకుని ఇలా రుసుములు అడుగుతున్నారని, అదంతా మోసమని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది.

1889 డాలరు బొరుసు వైపు ఫొటో ఒకటి పెట్టండి. ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, వెలుగు ఎడమనుంచి వాలుగా పడేలా పెట్టి, దండ ముడి దగ్గర స్పష్టంగా వచ్చేట్టు తీయండి. బరువు కూడా రెండు దశాంశాల దాకా రాయండి, అప్పుడు అది ఏ టంకశాలదో చెప్పగలను.